దీపం చుట్టూ వరదగుడి

ఆరు మీటర్ల దూరంలో ఉన్న చార్టులో అడుగు వరస కూడా ఆచారిగారు తడుముకోకుండా చదివారు. చేతికిచ్చిన కార్డు మీది సన్నక్షరాలనూ కళ్లజోడు లేకుండానే చదివేశారు. శుక్లం తీసి మల్టీఫోకల్ లెన్సు వేసి అప్పటికి మూడు వారాలైంది. దూరపు చూపు 6/6, దగ్గర చూపు ఎన్6 అని కేస్ షీట్లో రాశాను. ఆపరేషన్ చేసిన డాక్టరు అంతకుమించి కోరుకునేది ఉండదు. తృప్తిగా తలెత్తి చూస్తే ఆయన ముఖంలో మాత్రం వెలుగు లేదు.

“పేపరు కనపడతాంది సార్. బంగారమే కనపడ్డం లేదు” అన్నారు.

ఆ మాట విని పదేళ్లు దాటింది. ఈ ఆపరేషన్ గురించి పుస్తకాల్లో చదువుకున్నదంతా ఒక ఎత్తు, ఆ ఒక్క మాట ఒక ఎత్తు.

ఆచారిగారు ప్రొద్దుటూరులో నలభై ఏళ్లుగా నగలు చేస్తున్నారు. కొడుకు అమెరికాలో ఉంటాడు. ఆపరేషన్‌కు ముందు ఆ అబ్బాయి నాకు ఫోన్ చేసి, “డబ్బు గురించి ఆలోచించకండి డాక్టర్ గారూ, ఉన్నవాటిలో మంచిది వేయండి. నాన్నకు ఇక కళ్లజోడుతో పని ఉండకూడదు” అన్నాడు. అతని ప్రేమలో లోటేమీ లేదు. లోటు నా దగ్గర జరిగింది. కొడుకుతో ఇరవై నిమిషాలు మాట్లాడిన నేను తండ్రిని షుగరుందా, బీపీ ఉందా అని మాత్రమే అడిగాను. కేస్ షీట్లో వృత్తి అన్నచోట ఎవరో ‘వ్యాపారం’ అని రాస్తే, అదేం వ్యాపారమని కూడా అడగలేదు. డబ్బు కట్టే మనిషిని అడిగి, కన్ను ఎవరిదో ఆ మనిషిని అడగడం మరిచిపోయాను.

ఆయనకు బంగారం ఎందుకు కనపడలేదో చెప్పాలంటే ముందు ఆ లెన్సు ఏం చేస్తుందో చెప్పాలి. దేవుడిచ్చిన కటకం చిన్న వయసులో దగ్గరికీ దూరానికీ తనంతట తానే సర్దుకుంటుంది. నలభై దాటాక ఆ సాగే గుణం తగ్గి చత్వారం వస్తుంది. ఇంకా వయసు మీద పడ్డాక అదే కటకం మసకబారితే శుక్లం అంటాం. ఆపరేషన్‌లో ఆ మసక కటకాన్ని తీసి, దాని సంచి మాత్రం ఉంచి, అందులో ఆరు మిల్లీమీటర్ల వెడల్పున్న కృత్రిమ లెన్సు కూర్చోబెడతాం. మామూలు మోనోఫోకల్ లెన్సు ఒక దూరానికే స్పష్టమైన చూపునిస్తుంది. ఎక్కువమందికి దాన్ని దూరపు చూపుకే అమరుస్తాం. చదువుకోవడానికి కళ్లజోడు పెట్టుకోవాలి.

మల్టీఫోకల్ లెన్సు మీద ఒకదాని చుట్టూ ఒకటి వలయాలుంటాయి. కంట్లోకి వచ్చే వెలుగును అవి పంచుతాయి. చెరువు తూములోంచి వచ్చే నీటిని రెండు కాలువలకు మళ్లించినట్టే. నీళ్లు పెరగవు, పొలాలు పెరుగుతాయి. రెండు దూరాలకు చూపునిచ్చే పాత రకం లెన్సుల్లో దూరానికి సుమారు 41 శాతం, దగ్గరికి సుమారు 41 శాతం వెలుగు పోగా, మిగతా 18 శాతం ఎందుకూ అక్కరకు రాదు. తర్వాత వచ్చిన ట్రైఫోకల్ లెన్సులు కంప్యూటరు, వంటగట్టు లాంటి మధ్య దూరాలకూ వాటా ఇచ్చాయి. కానీ పంపకం పంపకమే. దూరపు బొమ్మ స్పష్టంగా పడుతున్నప్పుడు దాని మీదే దగ్గరి బొమ్మ మసకగా పరుచుకుని ఉంటుంది. కావలసినదాన్ని ఏరుకుని, అక్కర్లేనిదాన్ని పక్కన పెట్టడం మెదడు నేర్చుకోవాలి. ఆ చదువుకు కొందరికి వారాలు, చాలామందికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది.

చార్టు మీది అక్షరాలు తెల్లటి తెలుపు మీద నల్లటి నలుపు. కంటికి అంతకంటే తేలికైన పరీక్ష లేదు. ఆచారిగారు చూడాల్సింది పసుపు మీద పసుపు. అతుకు వేసినచోట బంగారం రంగులో వచ్చే వెంట్రుకవాసి తేడా. వెలుగు పంచుకున్న కంటికి మొదట తగ్గేది ఆ సన్నని తేడాను పట్టే శక్తే. పైగా ఆ లెన్సు దగ్గరి చూపు దాదాపు 40 సెంటీమీటర్ల దగ్గర కుదురుతుంది. ఆయన నగను పట్టుకునేది ముక్కుకు జానెడు దూరంలో. ఇంకో సంగతీ ఉంది. శుక్లం ముదిరే దశలో కొందరికి కంటి పవరు మారి, దగ్గరి చూపు తిరిగొచ్చినట్టు ఉంటుంది. ఆపరేషన్‌కు ముందు రెండేళ్లు ఆయన కళ్లజోడు లేకుండానే రాళ్లు పొదిగారట. ఆ వరాన్ని నేను తీసేసుకుని, ఆయనకు అక్కర్లేని ఇంకో వరం ఇచ్చాను.

రాత్రిపూట ఎలా ఉందని అడిగాను. “లైటు చుట్టూ వరదగుడి కట్టినట్టుంటాది సార్” అన్నారు. చంద్రుడి చుట్టూ వలయం కనిపిస్తే మన పల్లెల్లో అనే మాట అది. ఇంగ్లీషు పుస్తకాల్లో ఒక అధ్యాయమంతా చదివి నేర్చుకున్న లక్షణాన్ని ఆయన ఒక్క మాటలో చెప్పేశారు. ఆ రోజు నుంచీ రోగులకు నేనూ ఆ మాటే చెబుతున్నాను. ఈ లెన్సు వేయించుకుంటే రాత్రి దీపాల చుట్టూ వరదగుడి కనిపించవచ్చు, చాలామందికి నెలలు గడిచేకొద్దీ దాని ధ్యాస తగ్గుతుంది, కొందరికి తగ్గదు అని.

ఇదంతా చదివి మల్టీఫోకల్ లెన్సు మంచిది కాదనుకోవద్దు. దాన్నీ మోనోఫోకల్ లెన్సునూ పోల్చిన పరిశోధనలను కలిపి చూసిన 2016 నాటి కాక్రేన్ సమీక్ష ప్రకారం దూరపు చూపులో రెండింటికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. కళ్లజోడు లేని దగ్గరి చూపు మల్టీఫోకల్ వాళ్లకే మెరుగు. దీపాల చుట్టూ వలయాల బాధ కూడా వాళ్లకే ఎక్కువ. నా గదిలో నేను చూసిందీ అదే. రెండు కళ్లకూ ఈ లెన్సు వేయించుకున్న ఒక అమ్మ నెల తర్వాత వచ్చి, “బియ్యంలో మట్టిగడ్డలు నేనే ఏరుకుంటున్నాను నాయనా, కోడల్ని పిలవడం లేదు” అని నా చేయి పట్టుకుని చెప్పింది. పగలు ఇంటిపని, సాయంత్రం గుడి, రాత్రి తొమ్మిదికి నిద్ర. ఆమె రోజుకు ఆ లెన్సు కొలిచి కుట్టించినట్టు సరిపోయింది.

కొలత అన్నాను కాబట్టి ఇదీ చెప్పాలి. కంటి పొడవు కొలవడంలో ఒక్క మిల్లీమీటరు తప్పితే పవరు లెక్క 2.5 నుంచి 3 డయాప్టర్ల వరకూ తప్పుతుంది. మోనోఫోకల్ లెన్సులో చిన్న తేడా వస్తే కళ్లజోడుతో సర్దుకోవచ్చు. కళ్లజోడు వద్దనే ఇంత డబ్బు పెట్టిన మనిషికి ఆ చిన్న తేడానే పెద్ద నష్టం. కళ్లు పొడిబారి కన్నీటి పొర చెదిరిపోతుంటే కొలతే తప్పు వస్తుంది. అందుకే చుక్కల మందు వేసి, కొన్ని వారాలు ఆగి, మళ్లీ కొలవడం పద్ధతి. సిలిండర్ పవరు ఉంటే దాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. షుగరు వల్ల రెటీనా దెబ్బతిన్నా, గ్లకోమా ముదిరినా, మాక్యులాలో జబ్బున్నా అసలే తక్కువగా అందుతున్న వెలుగును ఇంకా పంచడం భావ్యం కాదు. రాత్రుళ్లు లారీలూ బస్సులూ నడిపేవాళ్లకు నేను ఈ లెన్సు చెప్పను.

ప్రీమియం అనే మాట ధరను చెబుతుందే గానీ ఆ లెన్సు మీ కంటికి నప్పుతుందో లేదో చెప్పదు. మదురై అరవింద్ కంటి ఆసుపత్రి వాళ్ల ఆరోల్యాబ్ 1992 నుంచి తక్కువ ధరకు లెన్సులు తయారుచేయబట్టి లక్షలమంది పేదల కళ్లకు వెలుగొచ్చింది. ఉచిత శిబిరంలో ఆ మోనోఫోకల్ లెన్సు వేయించుకుని, చదివేటప్పుడు మాత్రం జోడు పెట్టుకునే మనిషి ఎవరికంటేనూ తక్కువ చూస్తున్నట్టు కాదు. స్తోమత లేక తల్లికి ఖరీదైన లెన్సు వేయించలేకపోయామని నా ముందు కళ్లనీళ్లు పెట్టుకున్న పిల్లలున్నారు. ఆ బాధ అక్కర్లేదు.

లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ 1949లో మొట్టమొదటిసారి మనిషి కంట్లో కృత్రిమ లెన్సు అమర్చడం వెనుక ఒక వైద్య విద్యార్థి ప్రశ్న ఉందంటారు. తీసేసిన కటకం స్థానంలో ఇంకోటి పెట్టరా అని ఆ కుర్రవాడు అడిగాడట. ఈ విద్య ప్రశ్నతోనే మొదలైంది. నేను అడగని ప్రశ్న ఆచారిగారిని ఆరు నెలలు పనికి దూరం చేసింది.

ఆ ఆరు నెలల్లో తొందరపడి ఏదీ చేయలేదు, అదొక్కటే నాకు ఊరట. లెన్సు వెనక పొర కాస్త మసకబారితే లేజర్‌తో తెరిచేయడం మామూలే. కానీ అసంతృప్తికి కారణం లెన్సే అయినప్పుడు ఆ లేజర్ చేస్తే, తర్వాత లెన్సు మార్చాల్సి వస్తే ఆ ఆపరేషన్ చాలా కష్టమైపోతుంది. పొడిబారిన కళ్లకు మందు ఇచ్చాం, మిగిలిన పవరు ఏమైనా ఉందేమో చూశాం, రెటీనా స్కాన్ తీశాం. అన్నీ బాగానే ఉన్నాయి. ఆయన మెదడుకు అలవాటయ్యే గడువిచ్చాం. వరదగుడి పలచబడింది. రెండో కంటికి వచ్చేసరికి ఈసారి కొడుక్కి ఫోన్ చేయలేదు. ఆచారిగారిని తన పనిముట్లు తెచ్చుకోమన్నాను. చిన్న శ్రావణం, సగం చేసిన ఒక ముక్కుపుడక తెచ్చారు. నా బల్ల దీపం కింద ఎప్పుడూ పట్టుకునేట్టే పట్టుకోమని, టేపుతో కొలిచాను. ఇరవై మూడు సెంటీమీటర్లు. ఆ కంటికి మోనోఫోకల్ లెన్సు వేసి, ఆ కొలతకు పనిజోడు రాసిచ్చాను.

రెండు నెలల తర్వాత ఆ ముక్కుపుడకను పూర్తిచేసి తెచ్చి నా అరచేతిలో పెట్టారు. “అతుకు యాడుందో చెప్పండి సార్” అన్నారు. దీపం కింద తిప్పి తిప్పి చూశాను. నాకు కనపడలేదు. ఆయన జోడు పెట్టుకుని, గోటి చివరతో ఒకచోట తాకారు. దాన్ని స్లిట్ ల్యాంప్ కింద పెట్టి పెద్దది చేసి చూస్తే, సరిగ్గా అక్కడే, పసుపులో ఇంకొంచెం లేత పసుపు గీత.

ఆయన చూపు ఎంతని ఆ రోజు కేస్ షీట్లో అంకెలు రాయక తప్పదు, రాశాను. వాటి కింద, వృత్తి అన్నచోట ‘వ్యాపారం’ కొట్టేసి ‘బంగారు పని, 23 సెంటీమీటర్లు’ అని రాసుకున్నాను.