మాస్టర్ మాస్టారయ్యేదెప్పుడు?

హైదరాబాద్‌లో ఉప్పల్ రింగ్ రోడ్డు నుంచి నాచారం దాకా ఏ సందులోకి తిరిగినా ఎవరో ఒక మాస్టర్ తగులుతాడు. టీ కాచేవాడు టీ మాస్టర్, గుడ్డ కత్తిరించేవాడు టైలర్ మాస్టర్, ఓవెన్ ముందు నిలబడేవాడు బేకరీ మాస్టర్. ఈ బిరుదు వీధి ఇచ్చింది. అందులో గౌరవం ఉంది, దాన్ని తక్కువ చేయను. అయితే ఇదే మాటకు ఒక దీర్ఘం తగిలిస్తే మాస్టారు అవుతుంది, అంటే చదువు చెప్పేవాడు. మన చాక్లెట్, పేస్ట్రీ వృత్తిలోని లోటంతా ఆ దీర్ఘంలోనే ఉందని నా వాదన. చెయ్యి తిరిగిన పనివాడు మనకు దొరుకుతాడు. తన విద్యను మరొకరికి నేర్పి, ఆ నేర్పడానికి గుర్తింపూ జీతమూ పొందే దారి మాత్రం అతనికి లేదు. దీనికి కారణాన్ని మనుషుల స్వభావంలో వెతుకుతాం గానీ, వాళ్ల చేతికి ఏ పదార్థం ఇస్తున్నామో ముందు చూడాలి.

చాక్లెట్ నైపుణ్యం అనగానే పూలు చెక్కడం, బొమ్మలు పోయడం గుర్తొస్తాయి. అవి పైమెరుగులు. అసలు విద్య టెంపరింగ్. కోకో గింజలోని కొవ్వు, అంటే కోకో బటర్, గడ్డకట్టేటప్పుడు ఆరు రకాల స్ఫటికాలుగా మారగలదు. వాటిలో అయిదో రకం కుదిరితేనే చాక్లెట్‌కు మెరుపు వస్తుంది, విరిస్తే టక్కున చప్పుడవుతుంది, నోట్లో చక్కగా కరుగుతుంది. డార్క్ చాక్లెట్‌ను 45 నుంచి 50 డిగ్రీల సెల్సియస్ దాకా కరిగించి, కలుపుతూ 27, 28కి దింపి, మళ్లీ 31, 32కి తెచ్చి పని చేయాలి. వేడి 34 దాటిందంటే ఆ స్ఫటికాలు కరిగిపోతాయి, పని మళ్లీ మొదటికొస్తుంది. గురి తప్పిన చాక్లెట్ మెత్తగా ఉండిపోయి, పైన బూడిద రంగు పొర తేలుతుంది. ఇదేమీ మనకు పరాయి విద్య కాదు. అరిసెల పాకం వేళ్ల మధ్య పట్టి చూసి, ఇంకొక్క నిమిషం ఉంటే ముదిరిపోతుందని చెప్పగలిగిన వాళ్లు మన ఇళ్లలోనే ఉన్నారు. చాక్లెట్ చేసేవాడు కత్తి మొనను ముంచి తీసి, అయిదారు నిమిషాల్లో మెరుస్తూ ఆరిందో లేదో చూస్తాడు. అక్కడ బెల్లం, ఇక్కడ కొవ్వు, చూపు ఒకటే. థర్మామీటర్ అంకె చెబుతుంది. ఇవాళ్టి ఉక్కకి, ఈ గిన్నె లోతుకి ఆ అంకె దగ్గర ఎంతసేపు ఆగాలో పక్కన నిలబడ్డ మనిషి చెప్పాలి. కాబట్టి ఈ పనికి పుస్తకంతో పాటు గురువు కూడా కావాలి.

మరి వీధి బేకరీలో ఈ గురువు అవసరం ఎందుకు పడదు? కేకు మీద కనిపించే నల్లటి పూత చాలాచోట్ల చాక్లెట్ కాదు గనక. దాన్ని ఆ పనిలో ఉన్నవాళ్లు కాంపౌండ్ అంటారు. కోకో బటర్ బదులు పామ్ కెర్నెల్ లాంటి నూనెల నుంచి తీసిన గట్టి కొవ్వులో కోకో పొడి, చక్కెర కలిపి చేసిన దిమ్మ అది. దానికి టెంపరింగ్ అక్కర్లేదు, కరిగించి పోస్తే ఆరిపోతుంది. మే నెలలో ఎండ 40 దాటే ఊళ్లో, ఏసీ లేని వంటగదిలో అదే ఆదుకుంటుంది. మామూలు ఇంట్లో పిల్లల పుట్టినరోజు కేకు అందుబాటు ధరలో వస్తోందంటే దాని చలవ కూడా ఉంది. అందువల్ల కాంపౌండ్ వాడే బేకరీని నేను తప్పుపట్టను. కానీ ఆ చవకకు మూల్యం పనివాడు చెల్లిస్తున్నాడు. స్పాంజ్‌లో, క్రీమ్ పనిలో అతని చెయ్యి ఎంత తిరిగినా, చాక్లెట్ దగ్గర కొద్ది నెలల్లో నేర్చుకున్నదే ఇరవై ఏళ్లూ చేస్తాడు. పక్కన పని నేర్చుకునే కుర్రాడు కూడా అంతే తొందరగా నేర్చుకోగలడు కనుక, తన చోటు పోతుందన్న భయంతో కొలతలు దాచుకుంటాడు. దాన్ని కుళ్లుబుద్ధి అనడం అన్యాయం. విద్య పలచనైనచోట గుట్టే ఆస్తి అవుతుంది. లోతైన విద్యకు ఆ బెంగ ఉండదు. కొలత చెప్పినంత మాత్రాన చెయ్యి రాదని చెప్పేవాడికీ వినేవాడికీ తెలుసు.

ఇదంతా బంజారాహిల్స్ లాంటి ఖరీదైన పేటల ముచ్చట, ఉప్పల్‌కు ఎందుకని అడగవచ్చు. అసలు చాక్లెట్టే మనది కాదు కదా అనేవాళ్లూ ఉంటారు. కానీ దేశంలో కోకో ఎక్కువగా పండించే రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. గోదావరి జిల్లాల్లో కొబ్బరి, ఆయిల్ పామ్ తోటల నీడన అది అంతర పంటగా పెరుగుతోంది. ఆ గింజను అక్కడే పెట్టెల్లో పులియబెట్టి, ఎండబెట్టి, ఆ గింజతోనే చాక్లెట్ చేయవచ్చని 2023లో బంజారాహిల్స్‌లో తెరిచిన ‘మనం చాక్లెట్’ చూపించింది. దాన్ని స్థాపించిన చైతన్య ముప్పాల మిఠాయి వ్యాపారం నుంచే వచ్చారు. గింజలు పులిసేది ఏలూరు జిల్లా తడికలపూడిలో. మరుసటి ఏడాది టైమ్ పత్రిక తన ప్రపంచ గొప్ప ప్రదేశాల జాబితాలో ఆ దుకాణాన్ని చేర్చింది. అక్కడ హెడ్ చెఫ్‌గా పేరు తెచ్చుకున్న రూబీ ఇస్లాం లాంటి వాళ్ల పని గింజలు పులిసే పెట్టె దగ్గరే మొదలవుతుంది. ఇంకో సంగతి: ప్రపంచమంతటా చిన్న చాక్లెట్ తయారీదారులు గింజ రుబ్బడానికి వాడుతున్న రాతి యంత్రాల్లో చాలా వాటికి మూలం మన ఇడ్లీ పిండి వెట్ గ్రైండరే. పంట మనది, రుబ్బురాయి మనది అయ్యాక, విద్య ఒక్కటే ఖరీదైన పేటలకు పరిమితమవ్వాలనడానికి న్యాయం కనబడదు.

టెంపరింగ్‌కు యంత్రాలు వచ్చాయి కదా, ఇక గురువెందుకని మరో ప్రశ్న. యంత్రం వేడిని నిలబెడుతుంది. ఈ గింజ ఎంత వేగాలి, ఈ చాక్లెట్‌లో ఎంత మీగడ కలిస్తే గానాష్ అనే ఆ మిశ్రమం విరగకుండా ఉంటుంది అన్న నిర్ణయం మనిషిదే. కోర్సులు లేవా అంటే, ఉన్నాయి. ఉప్పల్‌కు దగ్గరలోనే విద్యానగర్‌లో హోటల్ మేనేజ్‌మెంట్ సంస్థ ఉంది. ఐటీఐల్లో బేకర్ అండ్ కన్ఫెక్షనర్ ట్రేడ్ ఏడాది పాటు నేర్పుతారు. ఇప్పటికే పని తెలిసినవాళ్లకు కొద్ది గంటల పరిచయం, ఒక పరీక్షతో సర్టిఫికెట్ ఇచ్చే పథకమూ ఉంది. ఇవన్నీ నిచ్చెనలో మొదటి మెట్లు. పై మెట్టు ఎలా ఉంటుందో జర్మనీని చూస్తే తెలుస్తుంది. అక్కడ పేస్ట్రీ పని మూడేళ్లు నేర్చుకుని, ఆ తర్వాత మాయిస్టర్, అంటే మాస్టర్, పరీక్షకు వెళ్తారు. అందులో నాలుగు భాగాలు: చేతిపని, శాస్త్రం, వ్యాపారం, నాలుగోది శిష్యులకు నేర్పే పద్ధతి. నేర్పడం రానివాడు అక్కడ మాస్టర్ కాడు. మనకూ 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం ఉంది గానీ, 30 మంది, అంతకు మించి సిబ్బంది ఉన్న సంస్థలకే అది తప్పనిసరి. నలుగురైదుగురితో నడిచే వీధి బేకరీకి శిష్యుణ్ణి పెట్టుకోవాల్సిన పని లేదు, నేర్పిన మాస్టర్‌కు ఒరిగేదీ లేదు.

ఈ నిచ్చెన కట్టడానికి ఉప్పల్, నాచారం కంటే అనువైన చోటు హైదరాబాద్‌లో నాకు తోచడం లేదు. ఉప్పల్ రోడ్డు మీద హబ్సిగూడలోనే ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్‌ఐ వారి కేంద్రం ఉంది, తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది, నాచారంలో పారిశ్రామికవాడ ఉంది. స్ఫటికం గురించి చెప్పగల శాస్త్రవేత్తా, ఓవెన్ ముందు నిలబడ్డ మాస్టరూ ఒకే మెట్రో రైల్లో ప్రయాణిస్తూ ఉండవచ్చు. వాళ్లను కలిపే పరీక్ష ఒకటి కావాలి. అందులో చివరి ప్రశ్న ‘నీ శిష్యుడు చేసిన చాక్లెట్ చూపించు’ అన్నదైతే చాలు. అది వచ్చేదాకా కొనేవాళ్లం మనం చేయగల పని ఒకటుంది. కౌంటర్ దగ్గర ‘ఇది చాక్లెట్టా, కాంపౌండా?’ అని అడగడం. జవాబు ఏదైనా కేకు కొనవచ్చు. పదిమంది అడిగితే, ఆ తేడా తెలిసిన మనిషి కోసం యజమాని వెతకడం మొదలుపెడతాడు.