వంద కిలోమీటర్ల సాహసం

2024 జూలై 14, టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ పందెం. పిరనీస్ పర్వతాల్లో ప్లాటో ద బెయ్ ఎక్కుడు: దాదాపు 16 కిలోమీటర్లు, సగటు వాలు 8 శాతానికి దగ్గర. ప్రత్యర్థి వింగెగోర్ ఎంత ఊపుగా తొక్కినా తదేయ్ పొగాచర్ అతని వెనక చక్రం వదల్లేదు. చివరి ఐదారు కిలోమీటర్లలో విజృంభించి ఒంటరిగా వెళ్ళిపోయాడు. ఆ కొండపై 1998లో సైక్లిస్టు పాంతానీ తీసుకున్న సమయం కన్నా మూడు నిమిషాలకు పైగా తక్కువలో ఎక్కేశాడు!

సెప్టెంబరులో జ్యూరిక్‌లో జరిగిన ప్రపంచ పోటీలో అంతకు మించిన తెగువ. గుంపు మధ్య ఉంటే గాలి భారం తగ్గుతుంది. ముందుకు దూకినవాడు ఆ గాలిని తనే చీల్చుకోవాలి. పొగాచర్ ఇంకా వంద కిలోమీటర్లుండగానే దూకాడు, చివరి యాభై ఒంటరిగానే తొక్కి ప్రపంచ చాంపియన్ అయ్యాడు. ఇంతటి ధైర్యం అరుదు.

ఆ ఏడాది ఇటలీ పందెం జిరో, టూర్ కూడా పొగాచర్‌వే. ఒకే ఏడాది ఈ మూడూ గెలిచిన పురుషులు అంతకుముందు ఇద్దరే: మెర్క్స్ (1974), రోష్ (1987).