ఏ చేజర్ల? ఎలిమెంట్‌ట్రీలో పేరుబరుల నిర్వహణ: ఒక విమర్శ

నెల్లూరు జిల్లా ఆత్మకూరు ప్రాంతంలోని చేజర్ల ఒక మండల కేంద్రం. నకరికల్లు మండలంలో మరొక చేజర్ల కలదు. దానిని చేజెర్ల అని కూడా వ్రాస్తారు. గజపృష్ఠాకారంలో, అనగా ఏనుగు వీపువలె కట్టిన కపోతేశ్వరాలయం ఈ రెండవ ఊరిలో ఉన్నది. బౌద్ధ చైత్యాల వాస్తును గురించి పాఠం చెప్పే ఉపాధ్యాయుడు ఉత్త "చేజర్ల" అని ఊరుకుంటే, ఆత్మకూరు ప్రాంతపు విద్యార్థి ఆ గుడి తమ పొరుగూరిలోనే ఉన్నదని అనుకొనవచ్చును. అందువల్ల "గుంటూరు జిల్లా చేజర్ల" అనడం వాడుక అయినది. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడి, ఆ మండలం అందులోనికి పోయినది. గుడి అంగుళమైనా కదలలేదు. పేరుకు ముందున్న మాట మాత్రం మారినది.

ఆత్మకూరు సంగతి ఇంకను చిక్కు. నెల్లూరు, నంద్యాల, అనంతపురం, వనపర్తి జిల్లాలలో ఆ పేరు గల ఊళ్లున్నవి. చేజర్లలో బస్సెక్కేవాడు "ఆత్మకూరుకు టిక్కెట్టు" అంటే కండక్టరు ఏ ఆత్మకూరని అడుగడు. ఆ పరిధిలో ఏ విశేషణమూ లేని ఆత్మకూరు ఒక్కటే. పాత నల్లగొండ జిల్లాలో రెండు ఆత్మకూర్లుండగా, వాటిని వేరుపరచడానికి ఆత్మకూరు (ఎం), ఆత్మకూరు (ఎస్) అని వ్రాసినారు. ఆ జిల్లాలోనివారికి అక్షరం చాలును. బయటివారికి అది బోధపడదు. 2016లో జిల్లాలు విడిపోయి మొదటిది యాదాద్రి భువనగిరికి, రెండవది సూర్యాపేటకు చేరినవి. అక్షరాలు మాత్రం అట్లే నిలిచి ఉన్నవి.

కంప్యూటర్ల మధ్య సమాచారం పంపుకొనడానికి వాడే ఎక్స్.ఎమ్.ఎల్. అనే వ్రాత పద్ధతికి ఇదే చిక్కు వచ్చినది. 1998 ఫిబ్రవరి 10న వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియమ్ ఈ పద్ధతిని ప్రకటించినది. ఇందులో ప్రతి సమాచారాన్ని ఒక పేరు గల గుర్తుల మధ్య ఉంచుతారు. ఈ భాగాన్ని మూలకం అంటారు. మూలకాల పేర్లను తెలుగు అక్షరాలలోనైనా పెట్టుకొనవచ్చును. నీటిపారుదలవారు చెరువును గురించి వ్రాస్తూ "కట్ట" అనే మూలకం పెట్టినారనుకొందాం, అది మట్టికట్ట. దస్త్రాల గదివారు కూడా "కట్ట" అనే మూలకమే పెట్టినారు. అది కాగితాల కట్ట. రెండు శాఖల వివరాలు ఒకే పత్రంలో చేరినప్పుడు యంత్రానికి ఏది చెరువు కట్టయో తెలియదు.

టిమ్ బ్రే, డేవ్ హాలండర్, ఆండ్రూ లేమన్ సంపాదకులుగా 1999 జనవరి 14న వెలువడిన ప్రమాణం దీనికి పరిష్కారం చూపినది. ఒక శాఖ వాడే పేర్ల సముదాయమును పేరుబరి అందురు. ఈ మాట తెలుగు వికీపీడియా వాడుకలోనిది. ప్రతి పేరుబరికి ప్రపంచంలో మరెవరికీ లేని ఒక పొడుగాటి చిరునామా ఉంటుంది. దానిని ప్రతిసారి వ్రాయలేక "నీరు", "దస్త్రం" వంటి చిన్న ఉపసర్గను దానికి బదులుగా ప్రకటించి, నీరు:కట్ట, దస్త్రం:కట్ట అని వ్రాస్తారు. ఆ ప్రకటన ఏ మూలకంలో జరిగినదో ఆ మూలకం లోపల మాత్రమే చెల్లును. అదే దాని పరిధి. లోపలి మూలకం అదే ఉపసర్గను మరొక చిరునామాకు కట్టబెట్టవచ్చును. ఆ మూలకం ముగియగానే పాత అర్థం తిరిగి వస్తుంది. ఉపసర్గ లేని పేరుకు కూడా ఒక పేరుబరిని ప్రకటించవచ్చును. చేజర్ల బస్సులోని ఆత్మకూరు అట్టిదే.

ఇక్కడ విద్యార్థులు పొరపడే చోటు ఒకటున్నది. ఉపసర్గ పేరుబరి కాదు. తరగతిలో ఇద్దరు "వి. రమణయ్య"లుంటే ఆ "వి." ఒకరి విషయంలో ఒక ఇంటిపేరుకు, మరొకరి విషయంలో మరొక ఇంటిపేరుకు గుర్తు. అట్లే ఒక పత్రంలోని "నీరు", మరొక పత్రంలోని "జల" ఒకే చిరునామాను సూచిస్తే రెండును ఒకటే.

పైథాన్ భాషలో ఎక్స్.ఎమ్.ఎల్. చదవడానికి ఎక్కువమంది మొదట చేపట్టే లైబ్రరీ ఎలిమెంట్‌ట్రీ. ఫ్రెడ్రిక్ లుండ్ రచించిన ఈ లైబ్రరీ 2006లో పైథాన్ 2.5తోపాటు ఆ భాష సొంత సామగ్రిలో చేరినది. పై సూత్రాన్ని దీని కర్త బాగుగా గ్రహించినాడు. పత్రాన్ని చదవగానే ఉపసర్గను తీసివేసి, పూర్తి చిరునామాను మీసాల కుండలీకరణంలో పెట్టి, దాని వెంట పేరును ఉంచుతాడు. ఈ విధమైన వ్రాతను 1999లో వివరించినవాడు జేమ్స్ క్లార్క్. దీని సౌలభ్యం చిన్నది కాదు. ప్రతి మూలకం తన పూర్తి పేరును తానే మోసుకొని తిరుగుతుంది గనుక, దానిని ఒక పత్రం నుండి పెరికి మరొక పత్రంలో నాటినను అర్థం చెడదు. జనాభా లెక్కలవారు 2011లో ప్రతి గ్రామానికి ఆరంకెల సంఖ్య ఇచ్చినట్లే ఇదియు. జిల్లా మారినను సంఖ్య చెప్పితే ఊరు దొరుకుతుంది.

అయితే లోపం కూడా ఇక్కడనే పుట్టినది. గుర్తింపుకు ఉపసర్గ అక్కరలేదన్నది నిజం. కనుక దానిని పారవేయవచ్చుననడం వేరొక మాట. ఎలిమెంట్‌ట్రీ రెండవ మాటను కూడా నిజమనుకొన్నది.

దీని ఫలితం పత్రాన్ని తిరిగి వ్రాయించినప్పుడు కనిపిస్తుంది. నీరు:కట్ట, దస్త్రం:కట్ట అని వ్రాసిన పత్రం ఎన్‌ఎస్0:కట్ట, ఎన్‌ఎస్1:కట్ట అని బయటికి వస్తుంది. లోపలి మూలకాలలో చేసిన ప్రకటనలన్నియు పోయి, అన్నిటిని పై మూలకం గుమ్మం మీదనే వ్రాస్తుంది. యంత్రానికి రెండు పత్రాలును సమానమే. కాని ఎక్స్.ఎమ్.ఎల్. యంత్రమేగాక మనిషి కూడా చదవగలిగేటట్లు ఏర్పడిన పద్ధతి. తన పత్రం సున్నాలు, ఒకట్లు తగిలించుకొని తిరిగివస్తే గుమాస్తా దానిని గుర్తుపట్టలేకపోవడం అతని తప్పు కాదు.

చదువరి ఇబ్బందితో సరిపోతే ఈ లోపాన్ని సహించవచ్చును. ఉపసర్గలు మూలకాల పేర్లలోనే ఉండవు, విలువలలో కూడా ఉంటవి. ఎక్స్.ఎమ్.ఎల్. స్కీమా అనే ప్రమాణంలో ఒక మూలకం ఏ రకానిదో చెప్పే లక్షణానికి "నీరు:మట్టికట్ట" వంటి విలువ నిస్తారు. ఎలిమెంట్‌ట్రీకి అది ఉత్త అక్షరాల వరుస. మూలకాల పేర్లలోని "నీరు"ను ఎన్‌ఎస్0గా మార్చి, విలువలోని "నీరు"ను ముట్టుకొనదు. కొత్త పత్రంలో "నీరు" అనే ప్రకటన లేదు. ఆ విలువ ఎవరిని సూచిస్తున్నదో చెప్పగల ఆధారం పత్రంలో ఎక్కడా మిగలదు. ఇది అందం చెడడం కాదు, అర్థం పోవడం.

డిజిటల్ సంతకం ఉన్న పత్రాల సంగతి ఇంతకంటె గట్టిది. పౌరులు దించుకొనే ఆధార్ ఆఫ్‌లైన్ కె.వై.సి. పత్రం సంతకంతో కూడిన ఎక్స్.ఎమ్.ఎల్. ఫైలే. సంతకాన్ని సరిచూసేటప్పుడు పత్రాన్ని ఒక నియత రూపానికి తెచ్చి అక్షరం అక్షరం లెక్కిస్తారు. ఆ రూపంలో ఉపసర్గలు ఉన్నవి ఉన్నట్లే నిలుస్తవి. ఇట్టి పత్రాన్ని ఎలిమెంట్‌ట్రీతో చదివి, ఏమియు మార్చకుండా తిరిగి వ్రాసినను, సంతకపు మూలకం మీద ఎన్‌ఎస్0 వచ్చి కూర్చుంటుంది. లెక్క తప్పుతుంది. పేరు, ఊరు, పుట్టిన తేదీ అన్నీ నిజమైనవే అయినను ఆ ఫైలు చెల్లదు.

ఈ ఫిర్యాదులకు సమాధానంగా 2010లో పైథాన్ 2.7తో రిజిస్టర్ నేమ్‌స్పేస్ అనే సదుపాయం వచ్చినది. ఫలానా చిరునామాకు ఫలానా ఉపసర్గ వాడుమని ముందే చెప్పవచ్చును. మందు మంచిదే కాని, ఇచ్చినచోటు సరియైనది కాదు. ఆ నమోదు పత్రానికి గాని మూలకానికి గాని సంబంధించినది కాదు. నడుస్తున్న ప్రోగ్రాము అంతటికీ ఒకటే పట్టిక. అదే ఉపసర్గను మరొక చిరునామాకు నమోదు చేస్తే మొదటిది తుడిచివేయబడును. ఒకే ప్రోగ్రాము రెండు కార్యాలయాల పత్రాలను వ్రాయవలసివచ్చి, రెండును "కట్ట" అనే ఉపసర్గను వేర్వేరు అర్థాలలో వాడితే, ఒకరి మాట మరొకరు చెరుపుతారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలు రెంటిలోను ఆత్మకూరు అంటే ఒక్క ఊరే కావలెనని ఆజ్ఞ ఇచ్చినట్లున్నది. ప్రమాణం ఇచ్చిన అసలు వరం పరిధి. ఈ సదుపాయం దానినే మరచినది.

డేనియల్ వేయార్ వ్రాసిన లిబ్‌ఎక్స్‌ఎమ్‌ఎల్2 ఆధారంగా నడిచే ఎల్‌ఎక్స్‌ఎమ్‌ఎల్ అనే మరొక లైబ్రరీ ఈ విషయంలో మెరుగు. ప్రతి మూలకం దగ్గర దాని ఉపసర్గ ఏదో, అక్కడ ఏ ప్రకటనలు చెల్లుతున్నవో అడిగి తెలుసుకొనవచ్చును. తిరిగి వ్రాసినప్పుడు అవే వస్తవి. దానికీ బిగువులున్నవి. మూలకం పుట్టిన తరువాత దాని ప్రకటనల పట్టికను మార్చనీయదు. అయినను పోగొట్టుకొనడం కంటె బిగువు నయం.

ఎలిమెంట్‌ట్రీనే వాడక తప్పనివారికి ఒక దారి ఉన్నది. పత్రాన్ని మొత్తంగా కాక క్రమంగా చదివే ఇటర్‌పార్స్ అనే పద్ధతిలో, ప్రతి ప్రకటన మొదలైనప్పుడు ఒక సూచన, ముగిసినప్పుడు మరొక సూచన అందుతవి. మొదలైనప్పుడు ఒక దొంతరపై పెట్టి, ముగిసినప్పుడు తీసివేస్తే, ఏ చోట ఏ ఉపసర్గకు ఏ అర్థమో పోకుండా ఉంటుంది. ఈ పని లైబ్రరీ తానే చేయవలసినది. పత్రాన్ని చదివే సమయాన ఆ దొంతర దాని చేతిలోనే ఉన్నది. చదవడం పూర్తికాగానే దానిని జారవిడుస్తున్నది.