ప్రాథమిక తరగతిలో యానిమేషన్: మూల్యాంకనపై ఒక విమర్శ

1963లో అమెరికాలోని లెక్సింగ్టన్ పట్టణంలో ఇవోన్ ఆండర్సన్ ప్రారంభించిన యెల్లో బాల్ వర్క్‌షాప్‌లో పిల్లలే బొమ్మలు కత్తిరించి, కదిపి, యానిమేషన్ చిత్రాలు తీశారు. ఫిల్ము కడిగి వచ్చేదాకా కదలిక కుదిరిందో లేదో తెలిసేది కాదు. డిజిటల్ కెమెరా ఆ నిరీక్షణను తొలగించింది; బోధనలో దాని అసలు ప్రయోజనం ఇదే.

కిందపడే బంతిని ప్రతి ఫొటోకూ సమానదూరం జరిపితే అది పడినట్లుండదు, మెల్లగా దిగినట్లుంటుంది. ఎడం క్రమంగా పెంచాలని విద్యార్థి అప్పటికప్పుడు తెర మీద చూసి గ్రహిస్తాడు. సెకనుకు 12 ఫొటోల లెక్కన 10 సెకన్లకు 120 ఫొటోలు. అన్నిసార్లూ కాలాన్ని, దూరాన్ని కలిపి ఆలోచించక తప్పదు.

విచారకరమేమంటే, ఆ ఆలోచనకు సాక్ష్యమైన తప్పు ఫొటోలనే మనం ముందుగా చెరిపేస్తున్నాం. వార్షికోత్సవంలో ప్రదర్శించే తుది చిత్రానికే మార్కులు వేస్తే, కొలతకు వచ్చేది చాలాసార్లు ఉపాధ్యాయుని ఎడిటింగే. తొలి ప్రయత్నాన్నీ సవరించినదాన్నీ పక్కపక్కన ఉంచి, ఏం మార్చావు, ఎందుకు మార్చావు అని పిల్లలను అడిగే మూల్యాంకనం కావాలి. అందుకు మెమరీ కార్డులో చోటు చాలదనడం సాకు మాత్రమే.