బుడగకూ గోడకూ మధ్య: సూక్ష్మ రియాక్టర్ల విశ్లేషణలో ఒక సమీకరణం పరిమితులు

సన్నని నాళికలో వాయు బుడగలు, ద్రవఖండాలు ఒకదాని వెంట ఒకటి సాగడాన్ని టేలర్ ప్రవాహం అంటారు. నాళిక గోడకు ఉత్ప్రేరకం పూస్తే వాయు, ద్రవ, ఘన ప్రావస్థలు మూడూ అక్కడ కలుస్తాయి. బుడగకూ గోడకూ మధ్య మిగిలే ద్రవపు పొర మందాన్ని 1961లో బ్రెథర్టన్ సిద్ధాంతరీత్యా నిర్ణయించాడు. ఆ సూత్రం ప్రకారం 1 మి.మీ. వ్యాసం గల నాళికలో, నీటి మధ్య బుడగ సెకనుకు 10 సెం.మీ. వేగంతో కదిలితే పొర మందం సుమారు 8 మైక్రాన్లు.

పొర పలుచన కనుక బదిలీ వేగవంతమన్న వాదన సగమే నిజం. గోడ వద్ద చర్య లేనప్పుడు మీథేన్ వంటి వాయువు ఆ పొరను సెకనులో కొన్ని వందో వంతుల్లోనే సంతృప్తం చేస్తుంది. 1 సెం.మీ. పొడవున్న బుడగ ఒక బిందువును దాటడానికి 0.1 సెకను పడుతుంది. అంటే మిగతా సమయమంతా అంత విశాలమైన పొర నిరుపయోగమే. బదిలీ భారం బుడగ కొనలపై పడుతుంది. నీటిలో మీథేన్ శోషణపై బెర్చిచ్, పింటార్ 1997లో ప్రకటించిన సమీకరణంలో నాళిక వ్యాసానికి చోటు లేదు. ఆ ప్రయోగాల్లో పొర సంతృప్తమైందన్నది తరువాతి విశ్లేషకుల వివరణ.

ఆ సమీకరణాన్ని ఉత్ప్రేరక గోడకు యథాతథంగా వర్తింపజేయడమే అభ్యంతరకరం. హైడ్రోజనీకరణలో గోడ హైడ్రోజన్‌ను నిరంతరం హరిస్తుంది. పొర సంతృప్తం కాదు. పైగా వాయువుకు అదే దగ్గరి దారి. దీన్ని విస్మరిస్తే బదిలీ నిరోధం ఉన్నదానికన్నా ఎక్కువగా లెక్కకు వస్తుంది. కొలిచిన మొత్తం నిరోధం నుంచి దాన్ని తీసివేసినప్పుడు ఉత్ప్రేరకానికి లేని చురుకుదనం అంటగట్టినట్లవుతుంది. చర్యావేగ స్థిరాంకాల పట్టికల్లోకి చేరే ఇటువంటి దోషాన్ని తరువాత గుర్తించడం కష్టం.

ఉష్ణం సంగతి వేరు. నీటిలో ఉష్ణ వ్యాపనం కరిగిన వాయువు వ్యాపనం కన్నా పదుల రెట్లు వేగవంతం గనుక పొర దానికి పెద్ద అడ్డంకి కాదు. అయితే సిలికాన్ గోడ వేడిని నాళిక పొడవునా పంచుతుంది. కాబట్టి నిర్గమం వద్ద ఉష్ణోగ్రత నిలకడగా ఉన్నంత మాత్రాన చర్య సమోష్ణంగా జరిగిందనలేము.

మరో చిక్కు ఆకృతిది. బ్రెథర్టన్ విశ్లేషణ వృత్తాకార నాళికకు సంబంధించినది. చిప్‌లపై చెక్కే నాళికలు తరచుగా దీర్ఘచతురస్రాకారంలో ఉంటాయి. వాటి మూలల్లో ద్రవం మందంగా నిలుస్తుంది, పక్క గోడల మధ్యభాగంలో పొర పలుచబడుతుంది. అటువంటి చోట ఒకే సగటు మందాన్ని వాడదలిస్తే, మూలల్లోని ఉత్ప్రేరకానికి వాయువు ఎంత చేరుతున్నదో విడిగా లెక్కించాలి. బుడగ పొడవు, వేగం, పూత మందం ఇవ్వని పత్రంలో ఆ లెక్కను సరిచూసే వీలు పాఠకుడికి ఉండదు.