చెర విడిపించిన చందాలు - సెర్వాంటెస్ సాక్ష్యం

సాహిత్యంలో దయ కనిపించగానే దాన్ని మానవతావాదమని మెచ్చుకునే విమర్శకులు కొందరున్నారు. దానం కనిపించగానే ధనికవర్గం వేసుకున్న ముసుగని తోసిపుచ్చేవారు మరికొందరు. రెండు పద్ధతుల్లోనూ శ్రమ తక్కువ. దయ ఎవరి చేతినుంచి వచ్చింది, ఎవరిదాకా చేరింది, ఎవరి గుమ్మంముందు ఆగిపోయింది అని లెక్కచూడటమే కష్టం. ఆ లెక్క చూసినవాడు, తానే ఆ లెక్కలో ఒక పద్దుగా బతికినవాడు స్పెయిన్ రచయిత సెర్వాంటెస్. “డాన్ క్విక్సోట్” అంటే మనకు గాలిమరలతో యుద్ధంచేసిన పిచ్చివాడే గుర్తుకువస్తాడు. ఆ గ్రంథంలోనే ఒక బందీ చెప్పిన కథ వుంది. అది సరిగా అర్థంకావాలంటే ఆనాటి చెర వ్యాపారం సంగతి ముందు తెలియాలి.

16, 17 శతాబ్దాల్లో మధ్యధరా సముద్రానికి రెండు ఒడ్డులా మనుషుల్ని పట్టి అమ్మేవారు. అల్జీర్సు, ట్యూనిసు, ట్రిపోలీ ఓడలు క్రైస్తవుల్ని పట్టుకుపోయేవి. స్పెయిన్, మాల్టా, ఇటలీ ఓడలు ముస్లిముల్ని పట్టుకుపోయేవి. చెప్పింది మతం పేరు. నడిచింది లాభసాటి బేరం. పట్టుబడిన మనిషి తెడ్డువేసే బానిస కావచ్చు, లేదా ఇంటివారు సొమ్ముకట్టి విడిపించుకునే తాకట్టు వస్తువు కావచ్చు. క్రైస్తవ బందీల విడుదలకోసం 1198లో ట్రినిటేరియన్ సన్యాసి సంఘం, 1218లో బార్సిలోనాలో మెర్సిడేరియన్ సంఘం ఏర్పడ్డాయి. వీరు చర్చిల్లో చందాలు పట్టేవారు. చనిపోయేవారు వీలునామాల్లో రాసిపెట్టిన సొమ్ము తీసుకునేవారు. ప్రభుత్వమూ కొంత ఇచ్చేది. విడిపించి తెచ్చినవారిని ఊళ్ళలో ఊరేగించేవారు. దేవుడికి కృతజ్ఞత చెప్పటానికీ, తర్వాతి యాత్రకు చందాలు రాలటానికీ కూడా. మన రామదాసు కథలో బాకీ తీర్చటానికి సాక్షాత్తు రామలక్ష్మణులే రావలసివచ్చింది. అల్జీర్సుకు వెళ్ళిన మూటల్లో మాత్రం ఊరూపేరూలేని పేదల చిల్లర కూడా వుంది.

అయితే ఆ సొమ్మంతా ఒకటే కాదు. ఫలానా మనిషికోసమని ఇంటివారు అప్పగించిన సొమ్ము వేరు, ఎవరికైనా సరేనని జనం వేసిన దానం వేరు. ఇంటినుంచి కొంత వచ్చినవాడికి మిగతాది దానంలోనుంచి సర్దితే చాలు. ఏమీ రానివాడికి మొత్తం దానమే దిక్కు. దానం కూడా కాస్తోకూస్తో వున్నవాడివైపే మొగ్గటానికి కారణం ఇక్కడుంది. ఇది సన్యాసుల దుర్బుద్ధి కాదు, మనిషికి వెల కట్టిన వ్యవస్థ లక్షణం.

సెర్వాంటెస్ విడుదలే దీనికి నిదర్శనం. 1571లో లెపాంటో యుద్ధంలో గాయపడి ఎడమచెయ్యి పనికిరాకుండాపోయిన ఈ సైనికుడు 1575 సెప్టెంబరు 26న తమ్ముడు రొద్రీగోతోపాటు సముద్రంమీద పట్టుబడ్డాడు. అతని దగ్గర పెద్దలిచ్చిన సిఫారసు ఉత్తరాలున్నాయి. ఉద్యోగంకోసం తెచ్చుకున్న ఆ ఉత్తరాలే అతన్ని గొప్పవాడుగా చూపి వెల పెంచాయి. 1577లో తమ్ముడు విడుదలయ్యాడు, అన్న మిగిలిపోయాడు. నాలుగుసార్లు పారిపోబోయి దొరికిపోయాడు. ఇంటిదగ్గర తల్లి, భర్త బతికివుండగానే, ప్రభుత్వ సహాయంకోసం తాను విధవనని అర్జీ పెట్టుకున్నది. చివరకు తల్లి 250 డకట్లు, అక్క 50 డకట్లు కూడబెట్టి సన్యాసులకు అప్పగించారు. అల్జీర్సు పాలకుడు హసన్ పాషా అడిగింది 500 బంగారు ఎస్కూడోలు. ట్రినిటేరియన్ సన్యాసి హువాన్ హిల్ చందాసొమ్ములోనుంచి కొంత తీసి, వర్తకుల దగ్గర కొంత సర్ది, 1580 సెప్టెంబరు 19న ఆ వెల కట్టాడు. అప్పటికే సెర్వాంటెస్ కాన్‌స్టాంటినోపుల్ వెళ్ళే ఓడలో సంకెళ్ళతో వున్నాడు. పాలఫోక్స్ అనే మరో బందీకి పాషా 1000 ఎస్కూడోలు అడిగాడు. అది అందే వెల కాదు. ఒకరి వెల అందకపోవటం మరొకరి అదృష్టమైంది.

ఇలా బయటపడినవాడు జీవితాంతం స్తోత్రాలు రాసినా ఎవరూ తప్పుపట్టరు. సెర్వాంటెస్ కృతజ్ఞత మరిచిపోలేదు. తిరిగివచ్చాక రాసిన “అల్జీర్సు వ్యవహారం” నాటకంలో హువాన్ హిల్‌ను పేరుతోనే స్మరించాడు. అయితే ఆ పేరులోని స్పానిష్ మాటకు నడవడి అనే అర్థమూ వుంది, బేరం అనే అర్థమూ వుంది. నాటకం మధ్యలో సంతలో ఒక కుటుంబాన్ని వేలంవేస్తారు. తల్లిదండ్రుల కళ్ళముందే పిల్లల్ని వేరుచేసి అమ్ముతారు. తరువాత ఆ పిల్లల్లో ఒకడు కొత్తబట్టలు, కొత్త మతం చూసుకుని మురిసిపోతూ తోడబుట్టినవాడినే దూరం పెడతాడు. చివరి అంకంలో ధర్మపు సొమ్ముతో ఓడ వస్తుంది. ఆ పిల్లవాడిలో తెగిపోయినదాన్ని మాత్రం ఏ చందా అతకలేదు.

1605లో వెలువడిన “డాన్ క్విక్సోట్” మొదటి భాగంలో, 39 నుంచి 41వ అధ్యాయందాకా నడిచే బందీ కథలో ఈ చూపు ఇంకా పదునెక్కింది. వెల వచ్చే బందీలను మామూలుగా పనికి పంపరు. నగర పాలకవర్గానికి చెందినవారు ఊరి పనులన్నీ చెయ్యాలి. వారికి ప్రత్యేకంగా ఒక యజమాని లేడు కాబట్టి, చేతిలో సొమ్మున్నా బేరమాడటానికి మనిషి లేడు. రెండు మూడు వాక్యాల్లో సెర్వాంటెస్ చెప్పిన ఈ సంగతి ఒక గ్రంథం పెట్టు. ఎవరి ఆస్తీ కానివాడు అందరి ఆస్తి అయ్యాడు, దయకు అందకుండాపోయాడు.

ఆ కథలోనే మరో ఘట్టం వుంది. ఒకరిని ముందు విడిపించి ఓడ తెమ్మని పంపుదామని బందీలు ఆలోచిస్తారు. వారికి సాయపడేవాడు ఒప్పుకోడు. చెరలో ఇచ్చిన మాట బయటపడ్డవాడికి గుర్తుండదు, వెళితే అందరం కలిసే వెళ్ళాలి అంటాడు. చందా మనుషుల్ని ఒక్కొక్కరినిగా, వెల ప్రకారం విడిపిస్తుంది. ఈ పాత్ర అడిగింది ఉమ్మడి విడుదల. అదీ ఒక ధనికుడి కూతురు జొరైదా సొమ్ముతోనే జరిగింది. ఆమె తండ్రి ఒడ్డున నిలబడి ఏడుస్తూ వుండిపోయాడు. ఆ ఏడుపును కూడా సెర్వాంటెస్ దాచలేదు.

రచయిత మరణానంతరం 1617లో వెలువడిన “పెర్సీలెస్”లో ఒక గమ్మత్తయిన ఘట్టం వుంది. ఇద్దరు విద్యార్థులు అల్జీర్సు చెరనుంచి వచ్చామని బొమ్మల తెర చూపి దానం అడుగుతూ వుంటారు. ఆ ఊరి అధికారి నిజంగా అక్కడ బందీగా వున్నవాడు. అల్జీర్సుకు ద్వారాలెన్ని అని అడిగేసరికి దొంగతనం బయటపడుతుంది. మొదట శిక్షిస్తానన్నవాడు చివరకు వారిని ఇంటికి తీసుకుపోయి, ఇకముందు ఎవరికీ దొరక్కుండా అల్జీర్సు వివరాలన్నీ నేర్పుతానంటాడు! నవ్వు వస్తుంది. ఆ నవ్వులోనే విమర్శ వుంది. బాధపడటం చాలదు, బాధను నమ్మేలా చెప్పగలిగినవాడికే చందా రాలుతుంది.

సెర్వాంటెస్‌కూ పరిమితి వుంది. స్పెయిన్ ఓడల్లో తెడ్లువేసిన ముస్లిం బందీలకోసం ఈ కథల్లో ఎవరూ జోలె పట్టరు. ఈ పరిమితి తరువాతి యుగంలో ఘోరమైన రూపం తీసుకుంది. బందీలకోసం చర్చిల్లో చందాలెత్తిన ఇంగ్లండులోనే 1672లో రాయల్ ఆఫ్రికన్ కంపెనీ ఏర్పడి బానిసల వ్యాపారం సాగించింది. 1719 నాటి “రాబిన్సన్ క్రూసో” నాయకుడు మొరాకో తీరంలో బానిసగా వుండి తప్పించుకుంటాడు. తనతో వచ్చిన జూరీ అనే కుర్రవాణ్ణి అరవై వెండి నాణేలకు ఓడ కెప్టెనుకు ఇచ్చేస్తాడు. చెర అనుభవం అతనికి చెరమీద ద్వేషం నేర్పలేదు, వెల నేర్పింది. అంతకుముందే 1700లో బోస్టన్ న్యాయాధికారి సామ్యూల్ సీవల్, ఆఫ్రికాలో చిక్కిన మనవాళ్ళకోసం దుఃఖిస్తున్న మనం, ఆఫ్రికావారిని ఇక్కడ బానిసలుగా చెయ్యటంలో దోషులం కామా అని ఒక కరపత్రంలో నిలదీశాడు.

కాబట్టి దయను చూసి మురిసిపోవటమూ, ఈసడించటమూ రెండూ విమర్శ కావు. హుండీలో వేసిన పేదవాడి కాసు నిజం. దానివల్ల సంకెళ్ళు తెగిన మనిషీ నిజం. ఆ కాసు లేకపోతే “డాన్ క్విక్సోట్” లేదు. కాని ఆ కాసు సంకెళ్ళ వ్యాపారిని కూడా పోషించింది. ఈ రెండు నిజాలనూ ఒకేచోట నిలబెట్టి, జాబితాలో పేరు ఎక్కనివాడిని చూపించగలిగిన రచనే అభ్యుదయ రచన. దానం గురించి మన కథలు, నవలలు చదివేటప్పుడు కూడా మొదట అడగవలసిన ప్రశ్న ఇదే: ఓడ వెళ్ళిపోయాక ఒడ్డున ఎవరు మిగిలారు?