అపరాధపరిశోధక నవల – దేశౌచిత్యము

అపరాధపరిశోధక నవలలను సాహిత్యమున నొక మూలఁ గూర్చుండఁబెట్టుట మనకు వాడుక. వానిని దాఁచి చదివి బయట నిందించువారు మనలోఁ బలువురు గలరు. వ్యాకరణపాఠము ముగిసిన పిదప నేనును వానిని జదివినవాఁడనే. పాంచ్‌కడీ దే వంగనవలలు తెనుఁగునకు వచ్చిన కాలము మొదలు కొమ్మూరి సాంబశివరావుగారి యుగంధరుని కథలవఱకును, అటుపిమ్మటను, ఈ శాఖ విరివిగాఁ బెరిగినది. అయినను బెక్కింటియందు హత్య జరిగిన బంగళా యేయూరిదైనను నొక్కటియే. ఊరిపేరు మార్చినను గథకు లోటు రాదు. ఇది దోషమా, కాదా యనునది ప్రకృతవిచారము.

ఆధారము ఔపశ్లేషికము, వైషయికము, అభివ్యాపకము నని త్రివిధమని వైయాకరణులు చెప్పుదురు. చాపపైఁ గూర్చున్నవానికిఁ జాప ఔపశ్లేషికాధారము. అతఁడు లేచిపోయినచో సంబంధము తెగును. నువ్వులయందలి నూనెకు నువ్వులు అభివ్యాపకాధారము. నువ్వులను విడిచి నూనె లేదు. మన నవలలలో నేరమునకు స్థలము చాపవంటిదై యున్నది, నువ్వులవంటిది కావలయును. క్షేమేంద్రుఁడు దేశౌచిత్యమును బ్రత్యేకించి పేర్కొనుటయు, రాజశేఖరుఁడు కావ్యమీమాంసయందు దేశవిభాగమున కొక యధ్యాయ మిచ్చుటయు నూరక కాదు.

ఇందులకు నిదర్శన మొకటి చూపెదను. 1901వ సంవత్సరమున ఆర్థర్ కోనన్ డాయిల్, మిత్రుఁడైన ఫ్లెచర్ రాబిన్సనుతో డార్ట్‌మూరు బీడుభూములకుఁ బోయి, ప్రిన్స్‌టౌనున బసచేసి, కాలినడకను ఆ ప్రాంతమును బరిశీలించెను. ఆ యూర నొక పెద్ద కారాగార ముండెను, సమీపమున ఊబినేలలుండెను. ఆ యేఁటి ఆగస్టు మొదలు 1902 ఏప్రిల్ వఱకు స్ట్రాండు పత్రికలో వెలువడిన ‘ది హౌండ్ ఆఫ్ ది బాస్కర్‌విల్స్’ నవలలోఁ జెఱనుండి పాఱిపోయిన ఖైదీయు, మనుజుల మ్రింగు నూబియుఁ గథకుఁ గీలకములైనవి. ఊబిపేరు కల్పితము, దాని స్వభావము కల్పితము కాదు.

“ప్రతిభావంతుఁడు చూడని చోటును వర్ణింపలేఁడా?” యని పూర్వపక్షము. వర్ణింపఁగలఁడు. కాని పరిశోధకుని పని వర్ణనము గాదు, అనుమానము. అనుమానమునకు వ్యాప్తిజ్ఞానము మూలము. అదియో పలుమాఱులు చూచుటచేతఁ గలుగునది. ఏ వేళ నెవరు నడతురు, ఎంత దవ్వు వినఁబడును, క్రొత్తవాఁడు ఎచటఁ గంటఁబడును – ఇవి యెఱుఁగని రచయిత హేతువునకు మాఱు హేత్వాభాసమునే వ్రాయును.

మన ఆత్మకూరునే గైకొనుఁడు. 1830లో కాశీయాత్రకు బయలుదేఱిన యేనుఁగుల వీరాస్వామయ్య యీ యూరిమీఁదుగనే శ్రీశైలమున కేఁగెను. చెన్నపట్టణపు సుప్రీముకోర్టున దుబాసియైన యాతఁడు బసలను, దారులను, యాత్రికులపై వేయు పన్నులను సాక్షివాఙ్మూలమువలె నెక్కించెను. నవలాకారునకుఁ గావలసిన చూపు అది. నాగలూటి, పెద్దచెఱువు, భీముని కొలనుల మీఁది యా నల్లమల కాలిబాట శివరాత్రికి నుగాదికి జనసమ్మర్దము, తక్కినపుడు నిర్జనము. జనములోఁ బోయినవాఁడు గుర్తింపఁబడఁడు. నిర్జనమునఁ బోయినవాఁడు మఱవఁబడఁడు. ఇఁక సంగమేశ్వరాలయము: శ్రీశైలజలాశయ మేర్పడినది మొదలు ఏఁటఁ బెక్కునెలలు నీట మునిఁగియుండి, నీరు తగ్గినపుడు బయల్పడును. ఆ నీటఁ దాఁచినదానిని నీరే యొకనాఁడు బయటఁబెట్టును. ఇట్టి సాక్షిని ఏ బంగళా యీఁగలదు?

ఒక హెచ్చరిక. యాత్ర చేయువాఁడు తాను వెంటఁ దెచ్చిన యభిప్రాయమునే చూచి మరలిపోరాదు. అడవి యనఁగానే చెంచును దొంగగాఁ జిత్రించుట సులభము. 1871 నాఁటి శాసనము కొన్ని జాతులవారిని బుట్టుకచేతనే నేరస్థులని ముద్రవేసెను. 1952లో నది రద్దయ్యెను. రద్దయిన శాసనమును నవలాకారుఁడు మరల నమలుచేయఁగూడదు. నిజముగఁ జూడఁబోయినవానికి, ఆ యడవిలో దారి యెఱిఁగి యాత్రికులను నడపినవారు చెంచులేయని తెలియును. స్థలదర్శనమువలనఁ గలుగు ప్రథమఫలము వర్ణనసామగ్రి గాదు, అపవాదనివృత్తి.

కావున దేశౌచిత్యము అలంకార మని తలఁపక, ఈ జాతి నవలకు హేతువే యని నా నిశ్చయము. విద్వాంసులు విచారింతురు గాక.